రెండు బడుల హాజరు

పోయిన నెల ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చోబోతుంటే గేటు చప్పుడైంది. వయసు మీదపడ్డాక నాకు రెండు సంగతులు బొత్తిగా పడవు. ఒకటి, అన్నం వేళకు ఎవరైనా రావడం. రెండు, వచ్చినవాళ్లు "మాజీ ఎమ్మెల్యే గారూ" అని పిలవడం. ఆ మాజీ అనే మాట వింటే ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగినట్టుంటుంది. విసుక్కుంటూనే వెళ్లి తలుపు తీశాను. వచ్చినామె అలా పిలవలేదు. "మాస్తర్, నేను సుమన్‌ను" అంది. కచ్చపోసి కట్టిన చీర, చంకలో జొన్నపిండి సంచి, ముఖం నిండా బస్సు దుమ్ము. నన్ను మాస్తర్ అని పిలిచే మనుషులు ఈ భూమ్మీద ఒక్క ఊళ్లోనే ఉన్నారు. ఆ ఊరు ఆదిలాబాద్ దిక్కున, మన రాష్ట్రమూ మహారాష్ట్రా "మాదంటే మాది" అని కొట్లాడుకునే గుట్టల మీద ఉంటుంది. ఇద్దరి పటాల్లోనూ ఉన్న ఊరు కాబట్టి పేరు రాసి కొత్త తగువు పెట్టను. గుట్టమీది ఊరు అంటాను. పడుచుతనంలో మూడేళ్లు నేను అక్కడ ఒంటరి పంతులుని. సుమన్ నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల. ఇప్పుడు మనవరాళ్లున్న ముసలామె.

మూడు బస్సులు మారి వచ్చిందట. మా ఇంటామె అన్నం పెడితే తిని, చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ప్లాస్టిక్ కవరులోంచి కార్డులు తీసి నా ముందు వరుసగా పరిచింది. రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఒకటి తెలుగు అక్షరాలది, ఒకటి మరాఠీది.

"ఇద్దరు ఓటేయించుకుంటున్నరు మాస్తర్. మా చేనుకు కాయితం మాత్రం ఒక్కడు గూడ ఇయ్యడు. ఇప్పుడు జంగ్లాతోళ్లు, గదే ఫారెస్టోళ్లు, వచ్చి మా చేను చుట్టు కందకం తవ్వుతమంటున్నరు. అడివి చెట్లు పెడ్తరట. రేపటి సంది సర్వేటోళ్లు వస్తున్నరు, పాత సాక్ష్యం ఏమన్న ఉంటె పట్కరమ్మన్నరు. మా కేసు కోర్టుల నడుస్తున్నది, మా మాస్తరే వకీలు అని చెప్పిన." కార్డుల మీంచి కళ్లెత్తి నా మొహంలోకి చూసింది. "మా కేసు వాయిదా ఎన్నడున్నది?"

కోర్టుల్లో, సభల్లో గంటలు గంటలు మాట్లాడిన నోరు ఇది. "చూసి చెప్త, జర అలుపు తీర్సుకో" అని వెనక గదిలోకి పారిపోయాను. ఇనుప పెట్టె తెరిచి, పాత చొక్కాల కింద గుడ్డలో చుట్టి పెట్టిన హాజరు రిజిస్టరు బయటకు తీశాను. అంచులు ఎలుకలు కొట్టాయి. అట్టకు ఇంకా వేపాకు వాసన ఉంది. లోపల నా పడుచు చేతిరాత, పిల్లల పేర్లు, పేజీ పేజీకీ నీలం సిరా గుర్తులు. మూడేళ్లలో ఒక్క పిల్లా ఒక్క రోజూ బడి మానలేదు! అలాంటి బడి ఈ దేశంలో ఎక్కడైనా ఉంటుందా? ఆ నిండు హాజరే మా కొంప ముంచింది.

మాది కరీంనగర్ పక్క చిన్న పట్నం. పద్మశాలీలం. ఇంట్లో రెండు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మేము సాంచాలు అంటాం. పొద్దున లేస్తే టకటక, పడుకుంటే టకటక. ఇల్లంతా గంజి వాసన, మెషిను నూనె వాసన. దూది నుసి అన్నంలోకి కూడా వచ్చి పడేది. అవ్వ, అంటే మా అమ్మ, కంచం మీద ఊది ఊది పెట్టేది. ఆ చప్పుడులో బతికి బతికి మా బాపు మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు. కరెంటు పోయి సాంచాలు ఆగిపోయినా ఆయన అరుస్తూనే ఉండేవాడు. "ఉప్పు తేపో" అన్నా వాడకట్టంతా తిరిగి చూసేది. పొద్దంతా నిలబడి నిలబడి ఆయన పిక్కల్లో నరాలు ఉబ్బి ఉండేవి. రోజూ అవ్వ ఆముదం రాసి వాటిని ఒత్తుతుంటే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం గట్టిగా చదవమనేవాడు. ఆయనకు చదువు రాదు. నేను ఎక్కడైనా తడబడితే మాత్రం వెంటనే పట్టుకునేవాడు. నాకు టీచరు ఆర్డరు వచ్చిన రోజు దాన్ని తిరగేసి మరగేసి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు: "సాంచ కాడ నిలబడుడు తప్పింది నీకు. గిప్పుడు గా బడి కాడ నిలబడు. నడుమల ఉర్కిరాకు."

జిల్లా ఆఫీసులో గుమస్తాకు ఆ ఊరు ఎక్కడుందో తెలియదు. గోడ మీద పటంలో వేలుతో వెతికి వెతికి, "గిది మనదేనా? ఆళ్లది కాదా?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు, నా తలకాయ! బస్సు దిగాక అడవిలో ఏడెనిమిది మైళ్లు నడిచి, గుట్ట ఎక్కి, సాయంత్రానికి ఊరు చేరాను. బడి అంటే ఒక పూరి గుడిసె. దానికి సరిగ్గా ఎదురుగా, అదే వాకిట్లో, ఇంకో పూరి గుడిసె. అది మహారాష్ట్ర వాళ్ల బడి. దాని ముందు తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడి నా పెట్టె వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన్ని ఊరంతా గురూజీ అనేది. నాకంటే పాతికేళ్లు పెద్ద. అద్దెకు ఇల్లు ఉందా అని అడిగితే ఊళ్లోవాళ్లు నన్ను తీసుకెళ్లి ఆయన ఉంటున్న ఇంట్లోనే, ఆయన పక్క అరుగు మీదే దింపారు. ఊరికి వచ్చిన పరాయివాళ్లను ఉంచుకునే ఇల్లు అదొక్కటే.

ఆ ఇల్లు ఆయిది. ఆయి అంటే వాళ్ల భాషలో అమ్మ. సుమన్ ఆమె కూతురు. మొగుడు పోయాక ఒక్కతే చేను చేసుకుంటూ ఉండేది. చీకటితోనే లేచి వాకిలి అలికి, పొయ్యి ముట్టించి, జొన్నరొట్టెలు చరిచేది. నాకు అక్కడ గడియారం లేదు. ఆమె అరచేతుల చప్పుడే నా గడియారం. రోట్లో పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయ, ఉప్పు వేసి నూరితే ఆ ఘాటుకు అరుగు మీద మేమిద్దరం ఒకేసారి దగ్గేవాళ్లం. ఆమెకు ఒక పట్టు ఉండేది. రెండు ప్రభుత్వాల పంతుళ్లకూ కంచాలు పక్కపక్కనే పెట్టాలి, ఒకరు రానిదే ఇంకొకరు ముట్టకూడదు. మొదటి నెల మాకు మాటలు లేవు. ఆయన కోసం నేను, నా కోసం ఆయన ఆకలితో ఉడికిపోతూ కూర్చునేవాళ్లం.

మాటలు లేకపోవడానికి కారణం పిల్లలు. ఊళ్లో బడీడు పిల్లలు ఇరవై మందికి మించి లేరు. వాళ్లు నా దగ్గరుంటే ఆయన బడి ఎత్తేస్తారు, ఆయన దగ్గరుంటే నాది ఎత్తేస్తారు. నేను పిప్పరమెంట్లు పంచితే ఆయన బెల్లం ముక్కలు పంచాడు. నేను కబడ్డీ ఆడిస్తే ఆయన పాటలు నేర్పాడు. పిల్లలు మాత్రం ఇటు తిని అటు తిని హాయిగా ఉన్నారు. చివరికి ఒక రోజు ఆయి రొట్టెలు వడ్డించడం ఆపి, చేతిలో పెనం పట్టుకునే పంచాయితీ చెప్పింది.

"అరే బాబా, ఇద్దరు సదువుకున్నోళ్లే, ఇద్దరికి బుద్ధి లేదు. పొద్దుగాల పోరగాండ్లు మాస్తర్ దిక్కు. పగటన్నం తిన్నంక గురూజీ దిక్కు. రెండు బాసలు వస్తె ఆళ్లకేం నష్టం? ఇగ తినుండ్రి."

ఒప్పుకున్నాం. అప్పటినుంచి గురూజీ, నేను మంచి స్నేహితులమయ్యాం. ఆయన నాకు మరాఠీ లెక్కలు నేర్పితే, నేను ఆయనకు తెలుగు తిట్లు నేర్పాను. కానీ ప్రభుత్వం రిజిస్టరులో సగం పొద్దు అనే గడి ఉండదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకని నేనూ పొద్దంతా ఉన్నట్టే రాశాను, ఆయనా పొద్దంతా ఉన్నట్టే రాశాడు. ఒకసారి ఇద్దరి ఇన్‌స్పెక్టర్లూ ఒకే రోజు ఊడిపడ్డారు. ఇద్దరం బిక్కచచ్చిపోయాం. ఆయి ముందు గురూజీ ఇన్‌స్పెక్టర్ని "ముందుగాల బువ్వ తినుండ్రి సాబ్" అని ఇంట్లోకి లాక్కుపోయింది. ఆయన తినేలోపు పిల్లలు నా బడిలో ఉన్నారు. తర్వాత మా ఇన్‌స్పెక్టరు తినేలోపు వాకిలి దాటి గురూజీ బడిలో కూర్చున్నారు. ఇద్దరూ ఆమె రొట్టె తిని మెచ్చుకుని, ఎర్ర సిరాతో "హాజరు చాలా బాగున్నది" అని ఎవరి రిజిస్టరులో వాళ్లు సంతకం పెట్టి పోయారు. ఆ సాయంత్రం ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

సాయంత్రాలు ఆయి చేను గట్టు మీద ఒక చుట్టు తిరిగి వచ్చేది. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి రాళ్లు ఏరి, మోడులు పీకి చేసిన నల్లరేగడి చేను. పత్తి, మధ్యలో కంది, గట్టు పొంటి జొన్న. తిరిగేటప్పుడు ఎప్పుడూ ఒక రాయి ఏరి గట్టు మీద వేసేది. ఒక రోజు నన్ను వెంట తీసుకెళ్లింది. "మాస్తర్, నీ చేతిల రాత ఉన్నది. నా బిడ్డెకు అచ్చరం రాసిచ్చినవ్. నా చేనుకు గూడ గట్లనే ఓ కాయితం రాసియ్యి" అంది. చదువుకున్నవాడు ఎవడైనా పట్టా రాసివ్వగలడని ఆమె నమ్మకం. పట్టా తహసీలు ఆఫీసువాళ్లు ఇవ్వాలని, మనవాళ్లను అడిగితే ఊరు అవతలివాళ్లది అంటారని, అవతలివాళ్లను అడిగితే మనది అంటారని చెప్పాను. "మరి గాళ్లనడిగేటోడు ఎవడుంటడు?" అంది. వకీలు అన్నాను. "అయితే గది సదువు" అంది. చదివాను. బడి కాడ నిలబడమన్న బాపు మాట అలా తప్పాను. నేను లాయరు కావడానికి అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. వేదికల మీద వేరే కారణాలు చెప్పాను. అవన్నీ పూలదండ వేసినప్పుడు చెప్పే మాటలు.

నల్లకోటు వేసుకున్నాక నా మొదటి సొంత కేసు ఆయి చేనుదే. ముందు ఆమెది గెలిస్తే మిగతావాళ్లవి వేద్దామనుకున్నాం. ఆ ఊరు మనది కాదని ప్రభుత్వం తరఫు వకీలు వాదించాడు. నేను ఛాతీ విరుచుకుని లేచి నా రిజిస్టరు జడ్జిగారి ముందు పెట్టాను. "మనది కాని ఊళ్లో మన ప్రభుత్వం బడి ఎందుకు పెట్టింది? ఈమె బిడ్డ మూడేళ్లు ఒక్క రోజు మానకుండా మన బడిలో చదివింది. ఇదిగో ఇన్‌స్పెక్టరు సంతకం" అన్నాను. ఎంత మురిసిపోయానో చెప్పలేను. ప్రభుత్వం వకీలు నింపాదిగా లేచి ఇంకో కాగితాల కట్ట పెట్టాడు. మహారాష్ట్ర నుంచి తెప్పించిన గురూజీ రిజిస్టరు నకలు. అవే పేర్లు, అవే రోజులు, అదే నిండు హాజరు. ఎర్ర సిరా సంతకం కూడా అదే తేదీన. "ఒకే పిల్ల ఒకే రోజు పొద్దంతా రెండు బడుల్లో ఎట్లా కూర్చున్నది?" అని అడిగాడు. కోర్టు హాలంతా నవ్వింది.

జవాబు నాకు తెలుసు. జవాబు రాసిన చేయే నాది. కానీ చెబితే ఇద్దరు పంతుళ్లూ దొంగ హాజరు వేశారని రుజువవుతుంది. గురూజీ రిటైరు కావడానికి ఇంకా ఏడాది కూడా లేదు. ఆయన కోసమే నోరు మూసుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నా కొత్త నల్లకోటు కోసం కూడా మూసుకున్నాను. రెండు రిజిస్టర్లూ నమ్మదగినవి కావని జడ్జిగారు కేసు కొట్టేశారు. ఆ పాపం ఇప్పుడైనా నా మీదే వేసుకోవాలి.

బయట వరండాలో ఆయి రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది. "ఏమన్నరు మాస్తర్?"

"వాయిదా పడ్డది ఆయీ" అన్నాను.

"గంతేనా?" అని నవ్వి మూట విప్పింది. ఆ వరండాలోనే ఇద్దరం రొట్టె తిన్నాం. ఎలా మింగుడు పడిందో!

అప్పీలు వేసి, గెలిచాక నిజం చెబుదామనుకున్నాను. ఇంతలో పార్టీవాళ్లు వచ్చి టికెట్టు ఇస్తామన్నారు. కోర్టుల్లో నలగడం దేనికి, చట్టం చేసేచోటికే పోయి ఒక్క దెబ్బకు తేల్చేద్దాం అనిపించింది. ఊరూరా తిరిగేసరికి అప్పీలు గడువు దాటిపోయింది. గెలిచాను కూడా, ఒకే ఒక్కసారి. సభలో గుట్టమీది ఊరి గురించి లేచి మాట్లాడాను. "పరిశీలనలో ఉన్నది" అన్నారు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే మాట. మూడోసారి బల్ల గుద్దాను, పక్కన కూర్చున్నాయన నా చొక్కా పట్టి లాగాడు. వాళ్ల మీద మండిపడుతూ బయటికొచ్చాను. నేను ఆయికి చెప్పిందీ అలాంటి మాటే కదా అని ఆ రోజు తోచలేదు. ఆయి ఊరి నుంచి ఎవరు వచ్చినా వాళ్లతో అడిగించేది: వాయిదా ఎన్నడు? నేను ప్రతిసారీ ఒక నెల పేరు చెప్పి పంపేవాణ్ని. ఆమె పోయిన కబురు తెలిసినప్పుడు నేను ఎన్నికల ప్రచారంలో ఉన్నాను. వెళ్లలేదు. ఆ ఎన్నిక ఓడిపోయాను కూడా.

రిజిస్టరు పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. సుమన్ జొన్నపిండిని మా ఇంటామెకు డబ్బాలోకి ఒంపి ఇస్తోంది. అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. కేసు ఎప్పుడో కొట్టేశారని, వాయిదా లేదు ఏమీ లేదని, నేను మీ అమ్మకు అబద్ధం చెప్పానని. ఆమె చేతిలో సంచి అలాగే వంగి ఉంది. పిండి నేల మీద పడుతుంటే మా ఇంటామె గబగబా పట్టుకుంది.

సుమన్ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఓ పారి అవతలి సర్కారోళ్లు ఊరికొచ్చిన్రు మాస్తర్" అంది. "దరఖాస్తు రాసుకుంటున్నరు. మా పక్క చేన్లోళ్లు అందరు రాపిచ్చుకున్నరు. ఆళ్లకు కాయితాలొచ్చినయ్. ఆయి రాపిచ్చుకోలే. రెండు దిక్కుల రాపిస్తె కోర్టుల మా మాస్తర్‌కు మాటొస్తది, కేసు ఖరాబైతది అన్నది. నేను కాళ్లు మొక్కిన, ఇనలే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ నా అబద్ధం వల్ల ఆమెకు మనశ్శాంతి అన్నా దక్కిందని సర్ది చెప్పుకున్నాను. దక్కాల్సిన చేను పోయిందని నాకు తెలియనే తెలియదు. "తప్పయింది సుమన్" అన్నాను. ఆమె కార్డులు ఒక్కొక్కటే కవరులో పెట్టుకుంది.

"గురూజీ లేడు ఇప్పుడు" అంది. "పోయి నాలుగేండ్లాయె. ఆయనకేం కాదు. రేపు తొలి బస్సుకు నడువు. గా రిజిస్టర్ పట్టుకో."

నా మోకాళ్ల నొప్పుల సంగతి మా ఇంటామె ఎత్తబోతే నేనే కళ్లతో వారించాను. మర్నాడు బయలుదేరాం. దారి పొడవునా సుమన్ నా ముందు సీట్లో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నస్పూర్ దగ్గర బొగ్గు లారీల దుమ్ము లోపలికి వస్తే తనే లేచి నా పక్క అద్దం మూసింది. అంతే మర్యాద.

గుట్ట మీదికి ఇప్పుడు తారు రోడ్డుంది. సగం దూరం మనవాళ్లు వేశారు, సగం వాళ్లు. మధ్యలో నాలుగు గజాలు ఇద్దరూ వదిలేశారు, అక్కడ ఆటో గుంతలో పడి నా నడుం విరిగింది. ఊరికి అన్నీ రెండే. రెండు సిమెంటు బడులు, రెండు నీళ్ల ట్యాంకులు, ఇద్దరు సర్పంచులు, రెండు రకాల కరెంటు స్తంభాలు. నా కాలంలో రెండు పూరి గుడిసెలు, మధ్యలో ఇరవైమంది పిల్లలు. ఇప్పుడు రెండు పక్కా బడులకూ కలిపి నాకు కనిపించింది ఏడుగురు. మిగతావాళ్లు వ్యానెక్కి ప్రైవేటు బడికి పోతారట. ఇన్ని రెండ్లు ఇచ్చిన పెద్దమనుషులకు ఆయి చేనుకు ఒక్క కాగితం ఇవ్వడానికి చేతులు రాలేదు. వాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి ఎవరిని తిట్టాలో తెలియక రోడ్డును తిట్టుకున్నాను. ఆయి చేను గట్టు మాత్రం నా నడుం ఎత్తు ఉంది. ఆమె రోజూ వేసిన రాళ్లు. వాటి పక్కనే కందకానికి సున్నం గీత గీసి ఉంది.

సర్వే కుర్రాడు బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. నేను రిజిస్టరు తెరిచి, ఈ గుర్తులన్నీ నేను వేసినవే, ఇవి సగం అబద్ధం అన్నాను. పిల్లలు పొద్దున నా దగ్గర, మధ్యాహ్నం గురూజీ దగ్గర చదివారు. అందుకే రెండు రిజిస్టర్లలోనూ ఉన్నారు. అంటే వాళ్లు ఇక్కడే బతికారు, ఆయి చేను అప్పటికే ఉంది అని చెప్పాను. అతను మర్యాదగానే విన్నాడు. ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, ఇందులో అవును, కాదు అనే ఉన్నయ్. సగం అని రాసేందుకు గడి లేదు. పైనోళ్లను అడిగి చెప్త, రేపు రాండ్రి."

నా అరుపుకు వరండాలో పావురాలు లేచిపోయాయి. "రాను! గడి లేకుంటె గీయి! లేకుంటె తెల్లకాయితం మీద రాయి! నేను చెప్పింది చెప్పినట్టు రాసేదాక ఈ బల్ల కాడికెల్లి కదల!" అచ్చం మా బాపు గొంతు. కోర్టులో ఆ రోజు రావలసిన గొంతు. కుర్రాడు బెదిరిపోయి తెల్లకాగితం తీశాడు. నేను చెప్పినదంతా రాశాడు. నేను సంతకం పెట్టాను, సుమన్ రెండు భాషల్లోనూ పెట్టింది. దాన్ని ఫారానికి గుచ్చి, "పైకి పంపుతం సార్, పరిశీలిస్తరు" అన్నాడు. ఆ మాట విని మళ్లీ అరవబోయాను. ఓపిక లేకపోయింది.

చేను దాకా నడిచి వచ్చి గట్టు మీద కూర్చున్నాం. సున్నం గీత మా కాళ్ల ముందే ఉంది. సుమన్ అడిగింది.

"ఇగ కాయితం వస్తదా మాస్తర్?"

ఏదో ఒక నెల పేరు నోటిదాకా వచ్చింది. అలవాటు. మింగేశాను.

"తెల్వదు సుమన్" అన్నాను.

ఆమె తలూపింది. వంగి, కాళ్ల దగ్గరున్న రాయి ఒకటి ఏరి గట్టు మీద వేసింది.

"గీ మాట గప్పుడే ఆయికి చెప్పేదుండె" అంది.